ద్విప్రధానాధ్యయనం: సంస్కృతాంధ్రాల సందర్భం

పట్టపరీక్షకు చదివే విద్యార్థి రెండు శాస్త్రాలను ప్రధానాంశాలుగా స్వీకరించే పద్ధతిని నేడు ‘డబుల్ మేజర్’ అని వ్యవహరిస్తున్నారు. పేరు కొత్తదే గాని ప్రాచ్యకళాశాలలకు విషయం కొత్త కాదు. ‘ఉభయభాషాప్రవీణ’ అనే పట్టం వెనుక ఉన్న ఆశయం ఇదే. అయితే రెండు విషయాలు చదవటం వేరు, రెండు శాస్త్రాలలో ప్రవేశం పొందటం వేరు. ఈ భేదాన్ని పాఠ్యప్రణాళిక గుర్తిస్తున్నదా అన్నదే ఇక్కడి ప్రశ్న.

ముందుగా లెక్క చూడాలి. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2022 డిసెంబరులో ప్రకటించిన విధానం ప్రకారం మూడేళ్ళ పట్టానికి 120 క్రెడిట్లు కావాలి. అందులో ప్రధానాంశానికి కనీసం 60. రెండవ విషయం కూడా ప్రధానాంశంగా పరిగణింపబడాలంటే మొత్తంలో నూటికి 40 వంతులు, అనగా 48 క్రెడిట్లు దానిలో సంపాదించాలి. రెండూ కలిపి 108. భాషా సామర్థ్యం, నైపుణ్యం, విలువల విద్య, బహువిషయక పాఠాలు, వేసవి శిక్షణ - వీటికి అదే పట్టికలో చూపినవి తక్కువలో తక్కువ 34. పట్టికను యథాతథంగా పాటిస్తే మొత్తం 142కు చేరుతుంది. సెమిస్టరుకు 20 చొప్పున చూస్తే ఈ 22 క్రెడిట్ల అదనం ఒక సెమిస్టరును మించిన భారం. సర్దుబాటు ఏదైనా ఆయా విశ్వవిద్యాలయాల నిబంధనలలోనే వెదకాలి. అది లేనిచోట ఆ భారమంతా విద్యార్థి మీదనే పడుతుంది. 2022 ఏప్రిల్‌లో అనుమతించిన ‘ఏకకాలంలో రెండు కోర్సులు’ అనే సౌకర్యంతో దీనిని కలపరాదు. అక్కడ పట్టాలు రెండు, ఇక్కడ పట్టం ఒకటే.

లెక్క సరిపోయినంత మాత్రాన చదువు సరిపోదు. ఉదయం సంస్కృత వ్యాకరణం, మధ్యాహ్నం తెలుగు వ్యాకరణం చదివే విద్యార్థికి ఒకే పారిభాషికపదం రెండు తరగతులలో రెండు అర్థాలలో ఎదురవుతుంది. ‘సంధి’ అన్న మాటనే తీసుకొందాం. పాణినీయంలో వర్ణాల అత్యంత సామీప్యానికి సంహిత అని పేరు. ఆ సంహితలో జరిగే దీర్ఘ, గుణ, వృద్ధి, యణాదేశాదులన్నిటినీ వ్యవహారంలో సంధులంటారు. చిన్నయసూరి బాలవ్యాకరణంలో (1858) సంధి అంటే పూర్వపరస్వరాల స్థానంలో పరస్వరం ఒక్కటే నిలవటం. రాముఁడు + అతఁడు = రాముఁడతఁడు. ఇక్కడ ఉత్వం పోయి అత్వం మిగిలింది. పాణినీయ పరిభాషలో చెప్పవలసివస్తే ఇది పరరూపం. సంస్కృతంలో ప్ర + ఏజతే = ప్రేజతే అన్నచోట పరరూపం వృద్ధికి అపవాదంగా, పరిమితమైన విషయంలో వస్తుంది. తెలుగులో అదే సామాన్య కార్యం. ఒక శాస్త్రంలోని అపవాదం మరొక శాస్త్రంలో ఉత్సర్గమైందన్నమాట. ఈ మాట ఏ ఒక్క తరగతిలోనూ సహజంగా రాదు. రెండు తరగతులూ ఎరిగిన అధ్యాపకుడు పనిగట్టుకొని చెప్పాలి, లేదా విద్యార్థి తానే గ్రహించాలి.

గ్రహించకపోతే ఏమవుతుంది? ‘యడాగమ సంధి’ అని వ్రాస్తాడు. సూరి మతంలో యడాగమం సంధి లేనిచోట వచ్చేది. మా + అమ్మ = మాయమ్మ అన్నప్పుడు స్వరాలు రెండూ చెక్కుచెదరలేదు. మధ్య యకారం వచ్చి చేరింది. దానిని సంధి అనటం నిర్వచనానికే విరుద్ధం. అయినా జవాబుపత్రాలలోనే కాక మార్గదర్శక పుస్తకాలలో కూడ ఈ ప్రయోగం స్థిరపడింది. గసడదవాదేశ, సరళాదేశాలను సూరి సంధిపరిచ్ఛేదంలోనే చెప్పటం ఈ భ్రమకు కొంత ఊతమిచ్చిందనవచ్చు. పరిచ్ఛేదం పేరు విశాలం, పరిభాష సంకుచితం. సంస్కృత సంహితాధికారం తెలిసినవానికి ఈ అమరిక ఎందుకు వచ్చిందో అర్థమవుతుంది. రెండవ ప్రధానాంశం వల్ల కలిగే లాభం ఇటువంటిది.

లింగవిచారం మరొక ఉదాహరణం. సంస్కృతంలో భార్యాశబ్దం స్త్రీలింగం, కలత్రం నపుంసకం, దారశబ్దం నిత్యబహువచనాంత పుంలింగం. మూడింటికీ అర్థం ఒక్కటే. అక్కడ లింగం శబ్దాన్ని ఆశ్రయించింది. తెలుగులో మహదమహద్వ్యవస్థ అర్థాన్ని ఆశ్రయించింది. ఏ పదం వాడినా ఏకవచనంలో క్రియ ‘వచ్చినది’ అనే ఉంటుంది. సంస్కృతంలో నపుంసకమైన మిత్రశబ్దం తెలుగులో ‘మిత్రుఁడు’ కావటం కూడ ఈ సూత్రం వల్లనే.

సాహిత్యంలో ఈ లాభం ఇంకా విస్తృతం. శ్రీహర్షుని నైషధీయచరితం 22 సర్గలు, శ్రీనాథుని శృంగారనైషధం 8 ఆశ్వాసాలు. తెలుగు మాత్రమే చదివినవాడు ఆశ్వాసాల సొగసును చెప్పగలడు. సంస్కృతం మాత్రమే చదివినవాడు సర్గల ప్రౌఢిని చెప్పగలడు. ఏది విడిచాడు, ఏది కుదించాడు, ఏ సమాసాన్ని యథాతథంగా నిలిపాడు, ఎందుకు నిలిపాడు అన్న ప్రశ్నలు రెండు గ్రంథాలనూ పక్కపక్కన పెట్టుకొన్నవానికే పుడతాయి. ఈ రెండింటినీ ఒకే సెమిస్టరులో పాఠ్యాలుగా నిర్ణయించటానికి అదనపు వ్యయమేమీ లేదు. రెండు శాఖల అధ్యాపకులు ఒక పూట కలిసి కూర్చొంటే చాలు. ఆ ఒక్క పూట దొరకకనే చాలాచోట్ల అది జరగటం లేదు.

ఈ జోడింపులో ఒక ప్రమాదం కూడ ఉన్నది. సంస్కృతంతోనే పోల్చి చూడటానికి అలవాటుపడిన విద్యార్థి తెలుగును సంస్కృతజన్యంగా భావించవచ్చు. దక్షిణాది భాషలది వేరు కుటుంబమని 1816లో ఎల్లిస్, 1856లో కాల్డ్వెల్ నిరూపించిన విషయం అతనికి మొదటి సంవత్సరంలోనే తెలియాలి. ద్రావిడ భాషాశాస్త్రం ఒక పాఠ్యాంశంగా లేని ఉభయభాషాధ్యయనం ఒంటికాలి నడక.

ఇక పరిశోధన. నాలుగేళ్ళ ఆనర్సు పట్టానికి 160 క్రెడిట్లు, అందులో రెండవ ప్రధానాంశానికి 64. పరిశోధనతో కూడిన ఆనర్సులో సిద్ధాంతవ్యాసానికి 12. రెండు శాస్త్రాలూ ఒకచోట కలవటానికి అనువైన స్థలం ఈ వ్యాసమే. కాని మొదటి ఆరు సెమిస్టర్లలో నూటికి 75 మార్కులు వచ్చినవారికే ఆ అవకాశం. రెట్టింపు భారం మోసే విద్యార్థికి మార్కులు కొంత తగ్గటం సహజం. కలయిక ఎవరికి ఎక్కువ అవసరమో వారే గడప దగ్గర ఆగిపోయే అవకాశం ఉన్నది. కనుక నాలుగవ సంవత్సరం దాకా ఆగక, మూడవ సంవత్సరంలోనే ఇరుశాఖల అధ్యాపకులు కలిసి పరీక్షించే చిన్న వ్యాసమొకటి ఉండటం యుక్తం. అందుకు విషయం పెద్దది కానక్కరలేదు. ‘ప్రేజతే’, ‘రాముఁడతఁడు’, ‘మాయమ్మ’ - ఈ మూడు రూపాలనూ రెండు వ్యాకరణాల పరిభాషలో సాధించి, ఎక్కడ ఏకీభవిస్తాయో, ఎక్కడ విడిపోతాయో చూపమంటే చాలు.