చెప్పని మాట, చెప్పిన అబద్ధం

విద్యార్థులారా! లోలకం ప్రయోగం మీరందరూ చేసే ఉంటారు. అయిదు రీడింగులు తీశారు. నాలుగు చక్కగా కుదిరాయి, అయిదోది తేడాగా వచ్చింది. రికార్డులో ఏం రాస్తారు? అంకె మారిస్తే అది అబద్ధమని మీకు తెలుసు. మరి ఆ రీడింగును అసలు రాయకుండా వదిలేస్తే?

ఇలాంటి చిక్కే అమెరికా శాస్త్రజ్ఞుడు రాబర్ట్ మిల్లికన్‌కు ఎదురైంది. ఆయన సన్నని నూనె బిందువులను రెండు లోహపు పలకల నడుమ వదిలి, విద్యుత్ క్షేత్రంతో పైకి లేపి, అవి పడే వేగాన్నీ లేచే వేగాన్నీ కొలిచాడు. ప్రతి బిందువు మీది ఆవేశమూ ఒకే చిన్న ఆవేశానికి గుణిజమని తేల్చాడు. ఆ చిన్న ఆవేశమే ఎలక్ట్రాన్ ఆవేశం. అంతకంటే చిన్న ఆవేశాలూ ఉన్నాయని వియన్నాలో ఫెలిక్స్ ఎరెన్‌హాఫ్ట్ వాదించాడు. వాదం ముదిరింది.

1913లో మిల్లికన్ 58 బిందువుల ఫలితాలను ప్రకటించాడు. ఇవి ఏరి తీసినవి కావనీ, వరసగా 60 రోజుల్లో పరీక్షించిన బిందువులన్నీ ఇవేననీ రాశాడు. 1923లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. అయితే ఆయన నోటుపుస్తకాల్లో వందకు పైగా బిందువుల రీడింగులున్నట్టు 1978లో జెరాల్డ్ హోల్టన్ అనే చరిత్రకారుడు చూపించాడు.

వదిలేయడమే తప్పా? కాదు. గాలి కదిలినా, వోల్టేజి నిలకడగా లేకపోయినా రీడింగు చెడిపోతుంది. పైగా, వదిలిన బిందువులను కలిపి లెక్కకట్టినా ఫలితం దాదాపు మారదని తరువాతివారు చూపారు. చిక్కంతా "అన్నీ ఇవే" అన్న మాటతోనే. దానిని వేరే విధంగా అర్థం చేసుకోవాలనేవారూ ఉన్నారు. కానీ చదివినవారికి మాత్రం ఏమీ వదల్లేదనే తోస్తుంది. 'ఏనుగు' అన్న ఒక్క మాటను ధర్మరాజు గొంతు తగ్గించి పలికితే ద్రోణుడికి ఏమైందో మీకు తెలుసు కదా!

ఇంకో సంగతి చూడండి. మిల్లికన్ విలువలో నిజంగానే పొరపాటుంది. అది అసలు విలువకంటే అర శాతం పైచిలుకు తక్కువ. కారణం వదిలిన బిందువులు కావు. లెక్కలో వాడిన గాలి స్నిగ్ధత విలువ సరైనది కాదు. ఆ విలువను ఆయన దాచలేదు, వ్యాసంలోనే అచ్చువేశాడు. అందుకే 1930లలో ఇతరులు స్నిగ్ధతను మళ్ళీ కొలిచి పొరపాటును సరిదిద్దగలిగారు. నేడు ఎలక్ట్రాన్ ఆవేశం సుమారు 1.602 × 10⁻¹⁹ కూలుంబులని మనకు తెలుసు.

చూశారా! బయటపెట్టిన తప్పును ఎవరైనా దిద్దగలరు. దాచినదాన్ని ఎవరు దిద్దుతారు? వాదంలో మనకు తెలిసినదంతా చెప్పనక్కరలేదు. కానీ ఎదుటివారు నిజం తేల్చుకోవడానికి అవసరమైనదాన్ని దాచి, ఏమీ దాచలేదని నమ్మిస్తే అది అబద్ధమే.

ఈసారి రీడింగు తేడాగా వస్తే రబ్బరుతో చెరపకండి. ఒక్క గీత కొట్టి, పక్కన కారణం రాయండి. కారణం తెలియకపోతే, తెలియదనే రాయండి.