మెట్టసీమ విందు

హైదరాబాదు నుండి విజయవాడకు సాగే జాతీయ రహదారి జగ్గయ్యపేట పరిసరాలలో ఆంధ్రప్రదేశ్‌లో అడుగుపెట్టి, నందిగామ మీదుగా కృష్ణాతీరానికి చేరుతుంది. ఈ దారిలో ఆగవలసిన చోట్లు చాలా ఉన్నాయి. కృష్ణ ఒడ్డున వేదాద్రిలో యోగానంద నరసింహస్వామి, మునేటి ఒడ్డున పెనుగంచిప్రోలులో తిరుపతమ్మ తల్లి కొలువై ఉన్నారు. జగ్గయ్యపేట చెంత ధనంబోడు మీద ప్రాచీన బౌద్ధస్తూపం ఉంది. చూడవచ్చినవారు చూసి, ఆకలివేళకు దారిపక్క భోజనశాలలో ఏ మహానగరంలోనైనా దొరికే వంటకాలనే తిని వెళ్లిపోతారు. ఈ సీమకు తనదైన భోజనం ఉన్నదని వారికి తెలియదు. తెలియజెప్పవలసిన మనమే జంకుతాం. ఇంటికి పట్నం చుట్టం వస్తే, పొయ్యి మీద కాగుతున్న ఉలవచారును పక్కకు జరిపి, "ఏమీ అనుకోకండి అన్నయ్యగారూ, ఇవాళ ఇంట్లో ప్రత్యేకంగా ఏమీ లేదు" అనే ఇల్లాళ్లు మన ఊళ్లలో ఎందరో! ఆ జంకు ఎందువల్ల కలిగిందో విచారించడం అవసరం.

ముందుగా నేలను గురించి తెలుసుకోవాలి. పాత కృష్ణాజిల్లాకు రెండు ముఖాలు: దిగువన డెల్టా, ఎగువన మెట్ట. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన జరిగి జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతాలు ఎన్టీఆర్ జిల్లాలో చేరినా, పెద్దలు నేటికీ దీనిని కృష్ణాజిల్లా మెట్ట అనే వ్యవహరిస్తారు. బెజవాడ వద్ద కృష్ణానదిపై ఆనకట్ట 1855 నాటికి పూర్తయింది. దాని కాలువలు దిగువభూములను వరిమాగాణులుగా మార్చాయి. ఆనకట్టకు ఎగువన ఉన్న మన సీమకు ఆ నీటిలో వాటా లేకపోయింది. నది మన పొలిమేరలోనే పారుతున్నా, పల్లంలో పారే నీరు మెరకకు ఎక్కదు కదా! నాగార్జునసాగర్ కాలువలకు 1967లో నీరు విడుదలైన తరువాత, కాలక్రమంలో ఎడమకాలువ నీరు ఇటువైపు చేరింది. అంటే దిగువవారికి, ఎగువవారికి నడుమ వంద సంవత్సరాలకు మించిన ఎడం. అంతకాలమూ మెట్టరైతు నల్లరేగడిలో వానకు పండే పంటలనే నమ్ముకున్నాడు. జొన్న, కంది, పెసర, మినుము, ఉలవ అతని ధాన్యాగారం. వరియన్నం పండుగనాటి మాట.

మన జంకుకు మూలం ఇక్కడే ఉంది. వరియన్నం సంపదకు గుర్తయింది, జొన్నన్నం లేమికి గుర్తయింది. కవులు కూడా ఈ భేదాన్ని పాటించారు. కృష్ణకు ఆవలి ఒడ్డున పలనాడు ఉంది. అక్కడి జొన్నకూటిని, నీటి ఎద్దడిని ఎత్తిపొడుస్తూ శ్రీనాథుని పేర కొన్ని చాటుపద్యాలు ప్రచారంలో ఉన్నాయి. చమత్కారంలో అవి సాటిలేనివి. అయితే, రాజాస్థానాలలో సన్నన్నానికి అలవాటుపడిన నాలుక అక్కడ తీర్పరిగా కూర్చున్నదని మరువరాదు. పద్యం ఎంత గొప్పదైనా, ఆ కవిసార్వభౌముడు పలనాటికి మంచి అతిథి కాలేదని నా అభిప్రాయం!

ఇప్పుడు ఉలవచారు సంగతి. వ్యవసాయం ఎద్దుల మీద నడిచిన రోజులలో రైతు తన ఇంటివారితో సమానంగా ఎద్దుల ఆకలిని పట్టించుకునేవాడు. దుక్కి దున్నే ఎద్దుకు బలమైన దాణా ఉలవ. ఆంగ్లేయులు ఈ గింజను గుర్రాలకు పెట్టే గింజగా ఎరిగి 'హార్స్ గ్రామ్' అన్నారు. సంస్కృతంలో దీనికి 'కులత్థం' అని పేరు. రాత్రి నానబెట్టిన ఉలవలను మరునాడు పెద్ద కుండలో, అనేక రెట్లు నీరు పోసి, సన్నని సెగ మీద గంటల తరబడి ఉడికించేవారు. ఉడికిన గుగ్గిళ్లు ఎద్దుల గాడికి చేరేవి. గింజలలోని సారం కొంత నీటిలోకి దిగి, ఆ కట్టు ఎర్రగా, చిక్కగా మిగిలేది. దానిని పారబోయడానికి ఇల్లాలికి మనసొప్పలేదు. చింతపండు పులుసు, ఉప్పు, కారం, ఉల్లిపాయ చేర్చి మళ్లీ మరగబెట్టి, ఇంగువ, ఎండుమిర్చి, కరివేపాకులతో తిరగమోత పెట్టింది. అదే ఉలవచారు. వేడి అన్నంలో పోసుకుని, పైన వెన్నో మీగడో వేసుకుని తింటే, చారులోని పులుపూ వగరూ ఆ వెన్నతో మెత్తబడి నాలుకను లాలిస్తాయి. ఎద్దుకు గింజ, మనిషికి కట్టు. ఒకే కుండ నుండి ఇద్దరికీ భోజనం.

తరువాత ట్రాక్టర్లు వచ్చాయి. కొట్టాలలో ఎద్దులు తగ్గాయి, వాటితోపాటే ఉలవకుండ కూడా పొయ్యి దిగింది. విచిత్రమేమంటే, ఇంటిలో తగ్గిన ఉలవచారు నగరాల భోజనశాలలకు ఎక్కింది. పెళ్లివిందులలో మీగడ గిన్నెతో సహా పెద్దపీట వేసుకుని కూర్చుంది. పూర్వం గుగ్గిళ్లు ముఖ్యం, కట్టు మిగులు. నేడు కట్టే ముఖ్యం, గుగ్గిళ్లు మిగులు! ఊరిలో పెట్టడానికి సిగ్గుపడిన వంటకాన్నే అదే ఊరివారు పట్నంలో వెలపెట్టి కొని తింటున్నారు. ఇందులోని హాస్యాన్ని విద్యార్థులు గ్రహించాలి.

ఇతర దేశాలలో ఇట్టి సిగ్గు కనబడదు. ఇంగ్లండు చూడబోయే యాత్రికునికి, రుచి చూడవలసిన సంప్రదాయ వంటకాలలో కార్నిష్ పాస్టీని తప్పక చెబుతారు. అది గొడ్డుమాంసం, బంగాళాదుంప, ఉల్లి, టర్నిప్ జాతి దుంప కలిపి పిండిలో మడిచి కాల్చిన వంటకం. కార్న్‌వాల్ గనులలోకి దిగే కూలీలు మధ్యాహ్నానికి మూటగట్టుకుపోయిన అన్నం అది. యార్క్‌షైర్ పుడ్డింగ్ చరిత్ర కూడా ఇటువంటిదే. కాలుతున్న మాంసం నుండి జారే కొవ్వు వృథా కాకుండా దాని కింద జారుపిండి పెట్టి పొంగించేవారు. ఖరీదైన మాంసం కొద్దిగా ఉన్న ఇళ్లలో ముందుగా ఈ పుడ్డింగునే వడ్డించి ఆకలిని సగం తీర్చేవారు. ఈ కథలను ఆంగ్లేయులు దాచుకోలేదు. 2011లో ఐరోపా సమాఖ్య కార్నిష్ పాస్టీ పేరుకు భౌగోళిక గుర్తింపు రక్షణ కల్పించింది. మన దేశంలోనూ తిరుపతి లడ్డు, బందరు లడ్డు, ఆత్రేయపురం పూతరేకులు అటువంటి గుర్తింపు పొందాయి. గమనించండి, మూడూ మిఠాయిలే! ప్రసాదాన్నీ తీపినీ గౌరవించినంతగా రోజువారీ కూటిని గౌరవించడం మనకింకా అలవడలేదు.

ఉలవచారుతో విస్తరి నిండదు. గోంగూర లేని భోజనం ఈ సీమలో భోజనం కాదు. తెలంగాణలో పుంటికూర అని పిలిచే ఆకు ఇదే. రెండు ప్రాంతాల సరిహద్దున ఉండడం వల్ల మన ఊళ్లలో ఆ పేరూ అపరిచితం కాదు. పప్పులో వేసినా, పులుసు పెట్టినా, మాంసంతో కలిపి వండినా, నూరి పచ్చడి చేసి ఉల్లిపాయ నంజుకున్నా దాని పులుపు దానిదే. ఇక కొరివికారం. చేలో మిరపకాయ ఎర్రగా పండిన రోజులలో పండుమిరపకాయలను చింతపండు, ఉప్పు చేర్చి దంచి జాడీకి ఎత్తుతారు. కావలసినప్పుడు కొంత తీసి పోపు పెట్టుకుంటారు. పేరులోనే నిప్పున్న ఈ పచ్చడిని కొత్త అతిథికి వడ్డించేటప్పుడు పక్కన నెయ్యి, పెరుగు ఉంచడం గృహస్థధర్మం. జొన్నరొట్టె, కందిపొడి, సున్నుండ కూడా ఈ విస్తరిలోనివే.

కారం మన సొత్తు అనుకుంటాం. అయితే మిరప అమెరికా ఖండపు మొక్క. పోర్చుగీసువారి నౌకలలో భారతదేశానికి వచ్చింది. 'క్రీడాభిరామం'లో ఓరుగల్లు పూటకూటింటి భోజనం వర్ణితమైంది. బాటసారులు వెల యిచ్చి తినే ఆ ఇంట ఒక్క రూకకు మేలిమి అన్నం, గోధుమపిండి వంట, పంచదార, కొత్తగా కాచిన ఆవునేయి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్లు, గడ్డపెరుగు లభించేవట! 'ఆముక్తమాల్యద'లో విష్ణుచిత్తుడు ఋతువును బట్టి అతిథులకు వేర్వేరు భోజనాలు పెట్టేవాడు. వేసవిలో చల్లని, పలుచని పదార్థాలు, చలికాలంలో మిరియపు ఘాటు కూరలు. ఘాటు మిరియానిదే అని గమనించాలి. అంతటి విందులలో మిరపకాయ జాడలేదు. ఆనాటి తెలుగు అతిథికి మన కొరివికారం వింతవస్తువే అవుతుంది. కాబట్టి 'సంప్రదాయ వంటకం' అన్నంత మాత్రాన అది అనాదిగా ఉన్నదని భావించనక్కరలేదు. ఎక్కడి నుండో వచ్చిన కాయ ఈ నల్లరేగడిలో వేరూని ఇక్కడి చింతపండుతో కలిసిన తరువాత, అది మన వంటకమే. ఆ లెక్కన బంగాళాదుంప చేరిన కార్నిష్ పాస్టీ కూడా ఇంగ్లండుదే.

విష్ణుచిత్తుని ఆతిథ్యం నుండి మెట్టసీమవారు గ్రహించదగినది ఋతుధర్మం. మాఘమాసపు చలిలో వచ్చిన అతిథికి కాగుతున్న ఉలవచారు, వెన్న, వేడి జొన్నరొట్టె మీద గోంగూర పచ్చడి. నందిగామ ఎండలో వైశాఖాన వచ్చినవారికి ఉలవచారు వడ్డించడం ఔచిత్యం కాదు. ఉలవ ఉష్ణం చేస్తుందని మన పెద్దల నమ్మకం. అప్పుడు మజ్జిగలో కలిపిన జొన్నన్నం, పచ్చి ఉల్లిపాయ చాలు. శ్రీనాథుని చాటువుల మాట అన్నం తిన్న తరువాత ఎత్తవచ్చు.

అభ్యాసం

1. కృష్ణాజిల్లా డెల్టా, మెట్ట ప్రాంతాల ఆహారభేదానికి నీటిపారుదల ఏ విధంగా కారణమైందో వివరించండి.
2. "పూర్వం గుగ్గిళ్లు ముఖ్యం, కట్టు మిగులు" అన్న వాక్యాన్ని సందర్భసహితంగా వ్యాఖ్యానించండి.
3. పలనాటి జొన్నకూటిని గూర్చిన చాటువులపై రచయిత అభిప్రాయంతో మీరు ఏకీభవిస్తారా? కారణాలు తెలపండి.
4. మీ ఇంటిలో పెద్దలు వండే ఒక వంటకాన్ని ఎన్నుకొని, అందులోని దినుసులు ఎక్కడ పండుతాయో, ఆ వంట ఎవరి నుండి నేర్చుకున్నారో అడిగి తెలుసుకొని ఒక పుటకు మించకుండా రాయండి.