అడవికి తగిన కత్తి

రాచర్లకు పడమట నల్లమల కొండలు బారులు తీరి ఉన్నాయి. ఆ అడవినే నమ్ముకొని బ్రతికిన చెంచులకు కత్తి ఆయుధం కంటే ముందు పనిముట్టు. గడ్డలు త్రవ్వే కర్రను చెక్కడానికీ, వెదురు చీల్చడానికీ, తేనెపట్టు కోయడానికీ అది కావలసిందే. నడి అడవిలో అది విరిగితే పని ఆగిపోవడమే కాదు, చేయి తెగే ప్రమాదం కూడా ఉంది. అక్కడ వైద్యుడు దొరకడు.

అట్టి కత్తిని ఎట్లా ఎంచుకోవాలి? మడతకత్తి జేబులో ఇముడుతుంది గాని, దాని బలహీనత కీలులోనే ఉంది. అడవి పనికి మడవని కత్తే మేలు. అందులోనూ అలుగు ఇనుము పిడి చివరిదాకా సాగి ఉండాలి. పిడిలో కొద్దిగా మాత్రమే దూర్చినదైతే బరువు పనికి అక్కడే ఊడిపోతుంది. సాధారణ పనులకు నాలుగైదు అంగుళాల అలుగు చాలు. కార్బన్ ఉక్కు సానరాయిపై సులువుగా పదునెక్కుతుంది. కాని తుడిచి నూనె రాయకుంటే తుప్పు పడుతుంది. ఎర్రగా కాల్చి ముంచిన ఉక్కును కమ్మరి మరల కొంత వేడిచేస్తాడు; లేకుంటే అది పెళుసై పగులుతుంది.

కనుక మెరుపును చూచి కత్తిని కొనరాదు. పిడి చేతికి అమరుతున్నదా, ఒర బిగువుగా ఉన్నదా అని పరీక్షించాలి. అనుమతి లేకుండా ఆయుధంతో అభయారణ్యంలో ప్రవేశించడాన్ని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం నిషేధించింది. మంచి కత్తిని ఎన్నుకోవడమే కాదు, దానిని ఎప్పుడు ఇంట విడిచి వెళ్ళాలో తెలియడమూ వివేకమే.