పిల్లల కంచంలో అన్నం ఉండనివ్వండి

"అమ్మా, రేపట్నుంచి నాకు అన్నం వద్దు. కార్బ్స్ మానేస్తున్నా." పదో తరగతి చదివే అమ్మాయి ఈ మాట అనగానే ఇంట్లో తలో మాట మొదలవుతుంది. తండ్రికి అందులో తప్పేమీ తోచదు. షుగర్ బయటపడ్డప్పట్నుంచి ఆయనా రాత్రిళ్లు రెండు చపాతీలతో సరిపెట్టుకుంటున్నాడు. తల్లి ఎటూ తేల్చుకోలేదు, పిల్ల కాస్త ఒళ్లు చేసిన మాట నిజమే మరి. అవ్వ మాత్రం "అన్నం మానేస్తే సత్తువెక్కడ్నుంచి వస్తుందే" అని కోప్పడుతుంది. బెంగళూరు చిక్కపేటలో, పక్కన బళేపేటలో, కబ్బన్‌పేటలో ఎన్నో ఏళ్లుగా ఉంటున్న మన తెలుగు ఇళ్లలో ఈ మధ్య ఇది మామూలైపోయింది. నన్నడిగితే నేను అవ్వ పక్షం. అలాగని తండ్రి మాటను కొట్టిపారేయలేను.

ముందు ఒకటి ఒప్పుకుందాం. అన్నం, చపాతీ, ఇడ్లీ, దోసె, చక్కెర అన్నీ మానేస్తే బరువు తగ్గుతుంది. మొదటి వారంలోనే కాటా ఒకటి రెండు కిలోలు తక్కువ చూపించొచ్చు. రీల్స్‌లో ఊదరగొట్టే అద్భుతమంతా చాలావరకు ఆ మొదటి వారానిదే. తిన్న పిండిపదార్థాల్లో (పిల్ల అన్న కార్బ్స్ ఇవే) కొంత భాగం గ్లైకోజెన్‌గా మారి కాలేయంలో, కండరాల్లో నిల్వ ఉంటుంది. పెద్దవాళ్లలో ఆ నిల్వ సుమారు 400 నుంచి 500 గ్రాములు. ఒక్కో గ్రాము తనతో మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. చిక్కపేట దుకాణదారులకు అర్థమయ్యేలా చెప్పాలంటే గ్లైకోజెన్ గల్లాపెట్టెలో చిల్లర, కొవ్వు బ్యాంకులో డిపాజిట్టు. రాబడి ఆగితే ముందు ఖాళీ అయ్యేది గల్లా. దాంతోపాటు నీరూ పోతుంది. డిపాజిట్టు దాదాపు అలాగే ఉంటుంది. ఏ పెళ్లికో వెళ్లి రెండు పూటలు నిండుగా భోంచేస్తే గల్లా మళ్లీ నిండుతుంది, కాటా ముల్లు వెనక్కి వస్తుంది. "ఇంత కష్టపడినా నేనింతే" అని పిల్ల కుంగిపోయేది అప్పుడే. పోయిందీ తిరిగొచ్చిందీ ఎక్కువగా నీరేనని ముందే చెప్పండి.

ఆ తర్వాత నెలల్లో ఏమవుతుంది? అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్లు 609 మంది పెద్దవాళ్లను రెండు జట్లుగా విడదీసి ఏడాది పాటు గమనించారు. ఒక జట్టు కొవ్వు తగ్గించుకుంది, రెండో జట్టు పిండిపదార్థాలు తగ్గించుకుంది. 2018లో ఫలితాలు వచ్చాయి. మొదటి జట్టు సగటున 5.3 కిలోలు తగ్గితే రెండోది 6 కిలోలు తగ్గింది. ఆ కాస్త తేడా లెక్కలోకి రాదని తేల్చారు. రెండు జట్లకూ ఉమ్మడిగా చెప్పిన మాటలు మాత్రం కొన్ని ఉన్నాయి: చక్కెర, మైదా వీలైనంత తగ్గించండి, కూరగాయలు దండిగా తినండి.

మన తెలుగువాళ్లకు ఇది తెలుసుకోవడానికి స్టాన్‌ఫర్డ్ దాకా పోనక్కర్లేదు. మంతెన సత్యనారాయణరాజు గారు ఉప్పూ నూనే లేని వంట తినమన్నారు. వీరమాచనేని రామకృష్ణ గారు సరిగ్గా దానికి ఎదురు, ధాన్యాలు పూర్తిగా మానేసి రోజుకు 70 నుంచి 100 గ్రాముల కొవ్వు తీసుకోమన్నారు. కొన్నేళ్ల కిందట ఆ ఊపులో తెలుగునాట కొబ్బరి నూనె సీసా లేని వంటిల్లు అరుదైపోయింది. ప్రొద్దుటూరులో పుట్టి మైసూరులో స్థిరపడ్డ ఖాదర్ వలీ గారు, 2023లో పద్మశ్రీ అందుకున్నాయన, బియ్యం గోధుమలు వదిలి కొర్రలు, అరికెలు, సామలు, ఊదలు, అండు కొర్రలు తినమంటారు. ముగ్గురూ మూడు దారులు చూపించారు. ముగ్గురి మాట విన్నవాళ్లలోనూ బరువు తగ్గినవాళ్లున్నారు. ఒకరు నూనె వద్దంటే, ఇంకొకరు నూనే తాగమంటే, ఇద్దరి దగ్గరా సన్నబడ్డవాళ్లు ఎలా ఉన్నారు? ఏ దారి పట్టినా స్వీట్లు, బేకరీ సరుకు, కూల్ డ్రింకులు, హోటల్ తిండి ఒక్కసారిగా ఆగిపోయాయి. తినే వస్తువుల జాబితా చిన్నదైంది, మొత్తం తిండి తగ్గింది. నా ఉద్దేశంలో పనిచేసింది అదే. ఎవరి పద్ధతినీ చిన్నబుచ్చడానికి ఇది చెప్పడం లేదు. అన్నాన్ని ఒక్కదాన్నే దొంగగా నిలబెట్టకండి అంటున్నాను.

ఇక తండ్రి మాటలో ఉన్న నిజం. భారతీయ వైద్య పరిశోధన మండలి, మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్ కలిసి దేశమంతటా చేసిన అధ్యయనం 2025లో ఒక సంగతి బయటపెట్టింది. మనం తినే శక్తిలో సగటున 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తోంది, అందులోనూ తెల్ల బియ్యం, పాలిష్ ధాన్యం, చక్కెరలదే పెద్ద వాటా. ఇది ఎక్కువే. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ధాన్యాల నుంచి వచ్చే శక్తి 45 శాతం మించకూడదు. కాబట్టి తగ్గించాల్సిందే. అయితే తగ్గించడం వేరు, మానేయడం వేరు.

ఆ 2025 అధ్యయనంలో బెంగళూరు వాళ్లు ప్రత్యేకంగా చూడాల్సిన విషయం ఇంకొకటుంది. కెంపేగౌడ 1537లో వేసిన ఊరి పేటల్లో బియ్యానికో పేట, రాగులకో పేట ఉన్నాయి. మనకు రాగి ముద్ద కొత్త కాదు. ఇప్పుడు చాలామంది "అన్నం మానేశాం, రాగి ముద్దే తింటున్నాం" అని నిశ్చింతగా ఉంటున్నారు. రాగుల్లో పీచు బియ్యానికి మూడు నాలుగు రెట్లు, కాల్షియం నూరు గ్రాములకు 360 మిల్లీగ్రాముల పైచిలుకు. పిల్లలకు తప్పకుండా పెట్టండి. కానీ నూరు గ్రాముల బియ్యంలో పిండిపదార్థం సుమారు 78 గ్రాములుంటే రాగుల్లో 67 ఉంటుంది. తేడా మనం అనుకున్నంత లేదు. బియ్యం, మైదాల బదులు గోధుమ పిండో చిరుధాన్యాల పిండో వచ్చినంత మాత్రాన మధుమేహం ముప్పు తగ్గినట్టు ఆ అధ్యయనంలో కనబడలేదు. పిండిపదార్థాల్లో కొంత భాగం పోయి ఆ చోటికి పప్పులో పాలో పెరుగో వచ్చినప్పుడే ముప్పు తక్కువగా కనిపించింది. కూర పేరుకు మాత్రమే ఉండి రెండు పెద్ద ముద్దలు తినే అబ్బాయికి ధాన్యం మారిందంతే.

మరి పేటలో పెరిగే పిల్లల రోజు ఎలా ఉంటుంది? పొద్దున తొందరలో హోటల్ నుంచి చౌచౌ బాత్ వస్తుంది. ఒక పక్క ఖారా బాత్, ఇంకో పక్క కేసరి బాత్, రెండూ రవ్వే. బడికి చిత్రాన్నం డబ్బా, పక్కన చిప్స్. సాయంత్రం ట్యూషన్‌కు వెళ్తూ బేకరీలో ఖారా బన్ను, దిల్‌పసంద్. దానికి తోడు ఒక 300 మిల్లీలీటర్ల కూల్ డ్రింకు, అంటే దాదాపు 30 గ్రాముల చక్కెర, ఆరేడు చెంచాలు. దసరా, ఉగాది సీజన్లలో దుకాణం మూసి అమ్మానాన్నా ఇంటికి వచ్చేసరికి రాత్రి పది. అప్పటిదాకా ఫోన్‌లో తెప్పించుకున్న నూడుల్స్ నడుస్తాయి. ఇరుకు వీధుల్లో ఆడుకోవడానికి చోటుండదు. ఈ జాబితాలో మధ్యాహ్నం పప్పు కలుపుకుని తిన్న అన్నం అన్నిటికంటే నిర్దోషి. పాపం, ముందు బలయ్యేది అదే! అది మానేసిన పిల్ల నాలుగింటికి ఆకలి ఆగక బేకరీ వైపు నడుస్తుంది.

పెద్దవాళ్ల సంగతి వేరు, పిల్లల సంగతి వేరు అని నేను గట్టిగా చెప్పేది ఇందుకే. షుగర్ ఉన్న తండ్రికి డాక్టరు సలహాతో పిండిపదార్థాలు తగ్గించడం మేలు చేస్తుంది. ఎదిగే పిల్లకు ఎముక పెరగాలి, కండ పెరగాలి, పాఠం బుర్రకెక్కాలి. మెదడు ప్రధానంగా గ్లూకోజు మీదే నడుస్తుంది. జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫార్సుల్లో పిల్లలకైనా పెద్దలకైనా రోజుకు 130 గ్రాముల పిండిపదార్థాలు అవసరమని ఉంది. పైగా ఈ కార్బ్స్ అనేవి అన్నంలోనే లేవు. మాంసకృత్తుల కోసం మనం నమ్ముకున్న కందిపప్పులో సగానికి పైగా పిండిపదార్థమే. పాలలో, పండులో, చిలగడదుంపలో కూడా ఉన్నాయి. నిజంగా అన్నీ మానేస్తే శాకాహార ఇంట్లో పిల్లకు పెట్టడానికి పన్నీరు, గింజలు, ఆకుకూరలు తప్ప పెద్దగా ఏమీ మిగలవు.

పిల్లలకు కీటో ఆహారం (పిండిపదార్థాలు దాదాపు లేకుండా కొవ్వు మీదే నడిచేది) పెట్టే సందర్భం ఒకటి లేకపోలేదు. మందులకు లొంగని మూర్ఛకు అది వైద్యం, 1921లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో రూపుదిద్దుకుంది. ఇప్పటికీ ఆసుపత్రి పర్యవేక్షణలోనే ఇస్తారు. ఎందుకంటే మలబద్ధకం, మూత్రపిండాల్లో రాళ్లు, ఎత్తు పెరగడం మందగించడం లాంటివి కనిపిస్తుంటాయి. డాక్టర్లే అంత జాగ్రత్తగా వాడేదాన్ని ఫోన్‌లో చూసి ఇంట్లో మొదలుపెట్టకూడదు.

అయితే ఏం చేయాలంటారా? కంచంలో అన్నం చోటు కాస్త తగ్గించి కూర చోటు పెంచండి. సగం కంచం కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు ఉండాలన్నది పోషకాహార సంస్థ మాట. సాంబారులో ముక్కలు వెతుక్కోవాల్సిన ఇళ్లలో ముందు ఇది మార్చండి. పప్పు పలుచగా కాకుండా ముద్దపప్పో పప్పుకూరో చేయండి. గుడ్డు తినే ఇల్లయితే రోజుకొకటి. లేదంటే పెరుగు, ఉడకబెట్టిన శనగలు, పెసలు, చలికాలంలో అవరేకాయ గింజలు (మన అనపకాయలే). పిల్లలు బడి నుంచి రాగానే కడుపు నింపే తినుబండారం ఇంట్లో సిద్ధంగా ఉంటే బేకరీ ఖర్చు దానంతటదే తగ్గుతుంది. కూల్ డ్రింకు, డబ్బా జ్యూసు ఇంట్లోకి తేవడం మానేయండి. పూర్తిగా మానేయండి అని నేను చెప్పేది ఆ రెండిటి గురించే. రాత్రి తిండి పిల్లలకు ఎనిమిదింటికే పెట్టించండి, మీ రాక కోసం ఆపకండి. రోజుకో గంట ఒళ్లు కదలాలి. లాల్‌బాగ్ అంత దూరమేమీ కాదు, ఆదివారాలు మీరూ వెంట వెళ్లండి.

ఇంకో సంగతి, ఇది తల్లులకు, మేనత్తలకు. పిల్ల బరువు గురించి చుట్టాల ముందు మాట్లాడకండి. "బొద్దుగా ఉంది, పెళ్లికెలా" అన్న ముచ్చట మీకు సరదా, దానికి ఏళ్ల తరబడి గుచ్చుకునే ముల్లు. పిల్లలు ఎత్తు పెరుగుతున్నారు కాబట్టి, చాలాసార్లు బరువు ఉన్నచోటే నిలిచినా ఏడాది తిరిగేసరికి సన్నబడతారు. కాటా రోజూ ఎక్కనివ్వకండి. పిల్లకు వేరు వంట చేయకండి, ఇల్లంతా ఒకటే తినండి. తండ్రి మిఠాయి డబ్బా ముందు పెట్టుకుని కూతురికి కీరా ముక్కలు పెడితే ఎవరూ వినరు. మానేస్తానన్న పిల్లను తిట్టొద్దు. ఎందుకు అనిపించిందో అడగండి. బడిలో ఎవరో ఏదో అని ఉంటారు, చాలాసార్లు అసలు కథ అక్కడుంటుంది.

ఆ కథ ముదిరితే కనిపెట్టే గుర్తులు కొన్ని ఉన్నాయి. అందరితో కలిసి తినకుండా తప్పించుకోవడం, తిన్న వెంటనే బాత్‌రూమ్‌లోకి వెళ్లి తలుపేసుకోవడం, కళ్లు తిరగడం, జుట్టు ఊడటం, ఆడపిల్లకు నెలసరి ఆగిపోవడం. అప్పుడు డాక్టరుకు చూపించడంలో ఆలస్యం చేయకండి. మెడ, చంకల దగ్గర చర్మం నల్లగా, మందంగా మారినా, ఇంట్లో షుగర్ ఉండి పిల్ల బరువు వేగంగా పెరుగుతున్నా ఒకసారి రక్తపరీక్ష అవసరం. ఇన్సులిన్ తీసుకునే పిల్లలకైతే డాక్టరును అడగకుండా ఒక్క ముద్ద కూడా తగ్గించకూడదు. డైట్ చార్టు రాయించుకోవాలంటే పిల్లల డాక్టరు దగ్గర రాయించుకోండి. స్త్రీలకు, పిల్లలకు ప్రభుత్వం నడిపే వాణీ విలాస ఆసుపత్రి కె.ఆర్. మార్కెట్ దగ్గరే ఉంది, చిక్కపేట నుంచి నడిచి వెళ్లొచ్చు.