500070 – తారుమారు లెక్క



500070 మన వనస్థలిపురం పిన్‌కోడు. మన దేశంలో పిన్‌కోడు 1972 ఆగస్టు 15న మొదలైంది. ఆరు అంకెల్లో చివరి మూడూ ఉత్తరం ఏ పోస్టాఫీసుకు పోవాలో చెబుతాయి.

వేసవి సెలవుల్లో మా నాయనకు ఈ నంబరు చీటీ మీద నేనే రాసిచ్చాను. 500007 అని రాశాను! అది ఉస్మానియా యూనివర్సిటీ వైపుది. మా నాయనకు చదువు రాదు. చీటీలో ఉన్నది ఉన్నట్టే పక్కింటి అన్నతో కవరు మీద రాయించాడు. దండారీకి రమ్మని, అవ్వ ఎదురు చూస్తున్నదని రాసిన ఆ ఉత్తరం పండుగ అయిపోయినంక చేరింది. ఆ రోజు ఏడ్చాను. మర్నాడు నోట్‌బుక్కు తీశాను.

500070 – 500007 = 63. అంటే 9 × 7. ఇది ఊరికే రాలేదు. 7 పదుల స్థానంలో ఉంటే పది ఏడులు, ఒకట్ల స్థానంలో ఉంటే ఒక్క ఏడు. తీసేస్తే తొమ్మిది ఏడులు మిగులుతాయి. పక్కపక్క అంకెలు ఏవి తారుమారైనా ఇంతే, తేడా 9తో నిశ్శేషంగా పోతుంది. (మేడం, మెస్సు లెక్కలో తేడా 27, 63, 90 ఇట్లా వస్తే ముందు అంకెలు మారినయేమో చూడండి.)

అందుకే మనం నేర్చుకున్న అంకెల మొత్తం పద్ధతి ఈ తప్పును పట్టుకోలేదు. రెండింటికీ మొత్తం 12 వస్తుంది. రెండూ 3తో పోతాయి. 9తో భాగిస్తే రెండింటికీ శేషం 3. తర్వాత 11తో భాగించాను. 500070కి శేషం 10, 500007కి శేషం 2. దొరికింది!

లైబ్రరీలో 2007కు ముందు అచ్చయిన పుస్తకాల వెనక పది అంకెల ఐఎస్‌బీఎన్ చూడండి. ఒక్కొక్క అంకెను దాని స్థానంతో గుణించి కూడితే మొత్తం 11తో పోవాలి. అందుకే కొన్నింటికి చివర అంకె బదులు ఎక్స్ ఉంటుంది, అంటే 10. పిన్‌కోడుకు ఇట్లాంటి కాపలా అంకె లేదు. కవరు మీద వనస్థలిపురం అని పేరు ఉండబట్టే నా ఉత్తరం వచ్చింది.

కారణాంకాలు కూడా విడగొట్టాను. 500070 = 2 × 3 × 5 × 16669. ఈ 16669ని 73 దాకా భాగించి, ప్రధాన సంఖ్యే అనుకుని వదిలేయబోయాను. 79తో తెగింది! 79 × 211.

ఇప్పుడు మా ఉట్నూరు పిన్‌కోడు 504311 పట్టుకున్నాను. 47 దాకా ఏ ప్రధాన సంఖ్యతోనూ పోలేదు. 710 దాకా చూడాలి. ఆదివారం ఎవరన్నా సాయం వస్తారా?

– 9వ తరగతి