పొగ అలారం: ఇంటి ఓనర్లు, కిరాయిదారులు చేయవలసినవి - చేయకూడనివి

హైదరాబాద్ గుల్జార్ హౌజ్‌లో 2025 మే 18 పొద్దున ఒక పాత ఇల్లు అంటుకుని 17 మంది చనిపోయారు. ఎక్కువమంది పొగకు ఊపిరాడక పోయినవారే. తెలంగాణలో 18 మీటర్ల ఎత్తు దాటిన నివాస భవనాలకే అగ్నిమాపక శాఖ అనుమతి కావాలి. పెద్దవూర లాంటి ఊళ్లలో ముందు షట్టర్లు, వెనక కిరాయి గదులు ఉన్న చిన్న ఇళ్లు ఆ లెక్కలోకి రావు. వచ్చి అడిగేవారు ఉండరు. పొగ అలారం మీరే పెట్టుకోండి.

చేయవలసినవి

• బ్యాటరీతో నడిచి తానే మోగే అలారం కొనండి. కొన్ని డిటెక్టర్లు ప్యానెల్‌కు కలపనిదే మోగవు. దుకాణంలోనే మోగించి చూడండి.
• ఫొటోఎలక్ట్రిక్ రకం అడగండి. మంట లేవకుండా రాజుకునే పరుపునూ పత్తినీ అది ముందే పసిగడుతుంది.
• పడుకునే ప్రతి గదిలో, గదుల బయట, ప్రతి అంతస్తులో పెట్టండి. ఒక్కటే కొనగలిగితే పడకగది తలుపు బయట బిగించండి.
• ఫ్యాను రెక్కల కొసకు 3 అడుగులు, పొయ్యికి 10 అడుగులు ఎడం ఉంచండి.
• గోడకు బిగిస్తే పైకప్పుకు 4 - 12 అంగుళాల కింద ఉంచండి.
• రేకుల ఇంట్లో గోడకే బిగించండి. ఎండాకాలం రేకు వేడికి పరికరం పాడవుతుంది.
• నెలనెలా బటన్ నొక్కి చూడండి. కిరాయి కట్టే రోజే నొక్కండి, మరిచిపోరు.
• ఏడాదికోసారి బ్యాటరీ, పదేళ్లకోసారి అలారం మార్చండి.
• వానకాలం పురుగులు, వడ్ల దుమ్ము చేరకుండా పొడి బ్రష్‌తో తుడవండి.
• ఓనర్లు కొత్తవారికి తాళంచెవి ఇచ్చే ముందే అలారం మోగించి చూపండి. బ్యాటరీ ఖర్చు ఎవరిదో కిరాయి కాగితంలో రాసుకోండి.
• రాత్రి గ్రిల్‌కు తాళం వేస్తే చెవిని తలుపు పక్కనే, పిల్లలకూ తెలిసే చోట వేలాడదీయండి.
• అలారం మోగితే వంగి నడుస్తూ బయటికి రండి. వచ్చాకే 101కి గానీ 112కి గానీ ఫోన్ చేయండి.

చేయకూడనివి

• పోపు ఘాటుకు మోగిందని బ్యాటరీ పీకకండి, కిటికీ తెరవండి.
• వంటగదిలో పొగ అలారం పెట్టకండి; అక్కడికి వేడిని పసిగట్టే రకం వేరే ఉంటుంది.
• గ్యాస్ లీకైతే పొగ అలారం మోగుతుందని నమ్మకండి. వాసన వస్తే స్విచ్ ముట్టకండి. తలుపులు తెరిచి, బయటికి వెళ్లి 1906కు ఫోన్ చేయండి.
• అలారం ఉండుండి కీచుమంటే పురుగు అనుకోకండి; బ్యాటరీ అయిపోతోంది.
• ఇంటికి రంగులేసేటప్పుడు అలారం మీద రంగు పడనీయకండి.
• మనుషులు పడుకునే గదిలో పత్తి నిల్వ చేయకండి. తప్పకపోతే ఆ గదిలో దోమల కాయిల్ గానీ బీడీ గానీ వెలిగించకండి.
• ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీని ఇంట్లో, నిద్రపోయే వేళ ఛార్జింగ్‌లో పెట్టకండి. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో అలా పేలి 80 ఏళ్ల పెద్దాయన చనిపోయాడు.
• మెట్ల మీద బస్తాలు, బండ్లు పెట్టకండి.
• బయటపడ్డాక బంగారం కోసమో పట్టాదారు పాసుపుస్తకం కోసమో మళ్లీ లోపలికి పోకండి.