బుద్ధునికి బంగారం ఎందుకు?



విహారంలో బుద్ధ విగ్రహానికి బంగారు పూత వేయిద్దామని కొందరు అంటున్నారు. గుళ్లకు బంగారు తొడుగులు వేయిస్తుంటే మనమేం తక్కువ అన్న పంతం అందులో ఉంది.

వైశాలిలో ఏం జరిగిందో చూడండి. మహాపరినిర్వాణం తర్వాత సుమారు 100 ఏళ్లకు, ఉపోసథ రోజున అక్కడి వజ్జి భిక్షువులు కంచు పాత్రలో నీళ్లు పోసి పెట్టి, సంఘానికి డబ్బు వేయమని గృహస్థులను అడిగారు. యశ థేరుడు ఒప్పుకోలేదు. వేయొద్దని జనానికే నేరుగా చెప్పాడు. తెల్లారి పంచుకున్న సొమ్ములో తన వాటా కూడా ముట్టలేదు. ఆ గొడవే రెండో సంగీతిదాకా పోయింది. భిక్షువులు వెండి బంగారాలు పుచ్చుకోవడం తప్పని అక్కడ తేల్చారు. శ్రామణేరుల 10వ శీలం కూడా ఇదే.

మరి మన భట్టిప్రోలు స్తూపంలో బంగారు పూలు దొరకలేదా అంటారు. దొరికాయి. అవి ధాతువులతోపాటు లోపల పెట్టినవి, చూపించుకోడానికి కాదు. బర్మాలో, మాండలే మహాముని విగ్రహానికి రోజూ బంగారు రేకులు అద్దుతారు. అద్దేది మగవాళ్లే, ఆడవాళ్లను దగ్గరికి రానివ్వరు. (మనకు తెలియని గడపా ఇది?)

బంగారం వచ్చాక తాళం వస్తుంది, తాళంచెవి ఎవరి దగ్గరుండాలన్న తగాదా వస్తుంది. త్రిశరణాలకు కొవ్వొత్తి, అగరుబత్తి, నాలుగు పూలు చాలు. చందా పోగైతే ముందు పిల్లలు రాత్రిళ్లు చదువుకునే గది సంగతి మాట్లాడండి.